మూడు ఫ్రేములు

జనవరిలో రిమిని సముద్రానికి పనుండదు.
గొడుగులన్నీ మడిచి తాళ్ళతో కట్టేశారు.
ఖాళీ చేపల గోదాం అద్దెకి దొరికింది,
నాలుగు నిమిషాల పాటకి
మూడు రోజుల షూటింగు.

అట్టతో చేసిన రోము స్తంభం,
దాన్ని ఆనుకుని వ్యోమగామి,
వ్యోమగామి చేతిలో ఇస్త్రీపెట్టె.
ఎందుకూ అన్నాను.
"ఎందుకు అనేది పాతబడ్డ ప్రశ్న" అన్నాడు లోరిస్
తన సిగరెట్టు పొగని
పొగయంత్రం పొగలో కలిపేస్తూ.

కథ ఉండకూడదట.
ఒక బొమ్మ మాట మొదలెట్టగానే
ఇంకో బొమ్మ వచ్చి దాని నోరు మూయాలట.
కిలోల లెక్కన కొన్న పాత రీళ్ళలోంచి
ఎవరివో గోధుమ కోతలు,
ఎవరిదో పెళ్ళి, పెళ్ళికొడుకు తల లేకుండా.
మధ్యలో ఒక టీవీ. టీవీలో ఇదే గోదాం.
ఆ గోదాంలో ఇంకో టీవీ,
అందులో ఆవగింజంత నేను
ఆవలిస్తూ.

నివేస్ పాడుతోంది.
అంటే, నివేస్ పెదవులు పాడుతున్నాయి.
పాటతో ఆమెకి పరిచయం నిన్న రాత్రే.
ఇంగ్లీషు పాట. ఆమెకి ఇంగ్లీషు రాదు,
రాసినవాడికీ అంతంత మాత్రమే.

గొంతు ఒరియెల్లాది.
ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని.
భోజనాల వేళ గాజుగదిలో నిలబడి
ఒక్క గుక్కలో పాడేసి
మళ్ళీ వెళ్ళి దుప్పట్లు పిండింది.
కవరులో డబ్బిచ్చారు.
కవరు మీద కూడా పేరు రాయలేదు.

"ఇది మోసం కదా?"
"అసలంటూ ఒకటి ఎక్కడుందో చూపించు,
అప్పుడు దీన్ని నకలందాం" అన్నాడు లోరిస్.
మాట బాగుంది. అతని మాటలెప్పుడూ బాగుంటాయి.
నాకు రావలసిన రెండు నెలల జీతం విషయంలోనూ అంతే,
అసలూ లేదు, వడ్డీ లేదు.

ఎడిటింగు బల్ల దగ్గర, అర్ధరాత్రి దాటాక,
టేపుని ముందుకీ వెనక్కీ జరుపుతున్నాను.
నివేస్ పెదవికీ పాటకీ మధ్య
వెంట్రుకవాసి ఎడం. ఎంత లాగినా పోదు.
అప్పుడు, తెర ఎడమ అంచున,
స్తంభం సగం మింగేసిన ఒక ఆడమనిషి.
లైట్లు పట్టే తమ్ముడికి
క్యానులో సూపు తెచ్చిన ఒరియెల్లా.
కెమెరా ఆమెని దాటిపోయేలోపు మూడే ఫ్రేములు.
నోరు తెరిచి ఉంది.
సరిగ్గా ఆ అచ్చు మీద, సరిగ్గా అంతే.
కాలికి చెప్పు సరిపోయినట్టు కాదు,
కాలికి కాలే సరిపోయినట్టు.

"తీసెయ్" అన్నాడు లోరిస్.
క్లాపుబోర్డు ఉంచాడు. మైకు నీడ ఉంచాడు.
పాట నడుమ నివేస్ ముక్కుకి పౌడరద్దే చెయ్యి ఉంచాడు.
"అతుకులన్నీ కనబడాలన్నావుగా?"
"అది అతుకు కాదు, చిరుగు."

తీసేశానని చెప్పాను.
వ్యోమగామికీ గోధుమలకీ మధ్య
కనురెప్ప కింద దాచినట్టు దాచాను.
సెకనుకి ఇరవై అయిదు. అందులో మూడు.

ఆ వేసవి జర్మనీ ఈతకొలనుల పక్కన పాట మోగింది.
మరుసటి వేసవి మోగలేదు.

నలభై ఏళ్ళకి, మొన్న,
ఒసాకాలో ఎవరో కుర్రాడు
ఆ మూడింటినే కోసి, సాగదీసి, ఊదారంగు పూసి
గానుగెద్దులా తిప్పుతున్నాడు
ఇంకెవరి పాట మీదో.
లక్షమంది చూశారు. దెయ్యం, అంటున్నారు.
తన గొంతుని తాను అందుకున్న ఒకే ఒక్క నోరు,
ఇప్పుడు అదీ అద్దెకి పోయింది.

ఫోను పట్టుకుని ఒరియెల్లా ఇంటికి వెళ్ళాను.
కళ్ళజోడు వెతుక్కుని, దూరంగా పట్టి, దగ్గరగా పట్టి,
"సెనగల సూపు" అంది.
"మూత సరిగ్గా పట్టలేదు. చెయ్యి కాలింది."
నేను మాట్లాడలేదు.
"పాడటం ఎక్కడిది? అబ్బా అనబోయి
షూటింగని గుర్తొచ్చి ఆపుకున్నాను."

మణికట్టు చూపించింది. మచ్చ లేదు.
ఉండేది, అంది.
ఫోను నాకివ్వలేదు.
"ఇంకోసారి వెయ్యి."