పొగా మంచూ

మా నిఘంటువులో పొగమంచు పాత మాట.
అందులో పొగ ఉత్త పోలిక.
తెల్లారి వచ్చి, ఎండ పొడ తగలగానే
కాఫీ కూడా తాగకుండా లేచిపోయే చుట్టం.

బెర్మండ్సీలో అలా కాదు.
అక్కడ పొగ పొగే.
తోళ్ల ఫ్యాక్టరీ గొట్టాలది, రొట్టెల బట్టీలది,
వీధిలో నలభై ఇళ్ల బొగ్గు పొయ్యిలది.
మంచు థేమ్స్ మీంచి ఒళ్లు విరుచుకుంటూ వచ్చి
ఆ మసిచొక్కా తొడుక్కునేది.

రెంటికీ కలిపి పేరెవరు పెట్టారని అడిగితే
ఎవరో పెద్దమనిషి సభలో లేచి చదివాడంటారు,
మర్నాడు పేపర్లు అచ్చేశాయంటారు.
కావచ్చు. టోపీ ఉన్నవాళ్లకే గదా
మాటల మీద పట్టాలిచ్చేది.

నేను మాత్రం హెప్జిబా ట్రెస్కాట్ అని
బట్టలుతికే ఒకామెను ఊహించుకుంటాను.
నవంబరు. మంగళవారం.
తాడు మీద పన్నెండు దుప్పట్లు,
వెస్ట్ ఎండ్ హోటలువాళ్లవి,
తీసేసరికి బూడిద రంగు.
మళ్లీ ఉతకాలి. సబ్బు ఖర్చు ఆమెదే.
వీధి చివర గుర్రపు ట్రాము ముందు
లాంతరు పట్టుకుని ఒకడు నడుస్తున్నాడు,
చాచిన చెయ్యి తనకే కనపడక
ఉన్నానా, ఉన్నానా అని గంట కొడుతూ.

గోడ అవతల్నుంచి పొరుగామె అడిగింది:
"ఏమిటే ఇవాళ, పొగా, మంచా?"
హెప్జిబా నోరు తెరిచింది.
"స్మ్..."
దగ్గు.
గోడకి ఆనుకుని, వంగి, నల్లటి ఉమ్మి.
ఊపిరి అందాక మిగిలింది చెప్పింది:
"...ఆగ్."

వ్యాకరణం చదివినవాణ్ణి, వెతికాను.
ఆగమం కాదు, ఆదేశం కాదు.
సంధంటే రెండు మాటలు ఎదురైనప్పుడు
ఒక అచ్చు మర్యాదగా పక్కకి తప్పుకోవడం.
ఇక్కడ ఒకదాని తోక తెగింది,
ఒకదాని తల తెగింది,
తెగిన చోట ఎవరిదో గొంతు.

పొరుగామె నవ్వింది. సాయంత్రం
బీరు కొట్లో మొగుడితో అంది.
అతను పడవలో సరుకెత్తుతూ ఇంకెవరితోనో అన్నాడు.
మాట నడిచింది, ఆ చీకట్లో,
లాంతరు అక్కర్లేకుండా.

హెప్జిబాకి ఇదేం తెలీదు.
పన్నెండో దుప్పటి రెండోసారి ఆరేసి
అరచేయి వాసన చూసుకుంది.
సబ్బూ, మసీ.
ఏది ఎంతో
విడదీయలేకపోయింది.