కుడివైపు సీటు

దీపం వెయ్యకముందే చదివేశాడు
అనీబల్ కుర్రుమిల్, కిందనుంచి రెండో వరుస.
డి, ఎఫ్, పి, జెడ్, ఓ.
ఒక్క తప్పు లేదు.
చార్టు మీద గుడ్డ ఇంకా కప్పే ఉంది.

పదకొండేళ్లుగా నా సంతకమే
ఆ పసుపు పైపర్‌ని గాలిలో నిలబెడుతోంది.
మా పటగోనియాలో గాలికి సెలవుల్లేవు,
గొర్రెలు కూడా ఒళ్లు ఓరగా పెట్టి మేస్తాయి.
ఊరికి రోడ్డు మీద ఆరు గంటలు, ఆకాశంలో నలభై నిమిషాలు.
డెబ్బై దాటినవాణ్ణి కాదనడానికి మనసెలా వస్తుంది?
గుండె విన్నాను, మోకాలి మీద సుత్తితో తట్టాను,
కళ్ల దగ్గరికొచ్చేసరికి
కిటికీలోంచి బయటికి చూశాను.

జూలై చలిలో, కాలు విరిగిన గొర్రెలకాపరి కోసం
నేనే ఎక్కాను, వెనక సీట్లో.
ఎక్కేముందు అతను రెక్క కింద
గాజుగొట్టంలోకి పెట్రోలు వంపి
నీటిచుక్క ఉందేమోనని వెలుగుకెత్తి పట్టాడు.
చూసింది మాత్రం భార్య నెలిదా.
"లేదు" అంది.
అప్పుడు అర్థం కాలేదు.

దిగేటప్పుడు అయింది.
కుడివైపు సీట్లో ఆమె, ఒళ్లో ఊలు అల్లిక,
సూదికి దారం ఎక్కిస్తున్నవాడికి చెప్పినట్టు:
కాస్త ఎడమ. ఇంకాస్త.
గేటు మూసుంది, పైకి లాగు.
ఆ తెల్లటిది మంచు కాదు, గొర్రెలు.

అందుకే ఈసారి చార్టు మార్చాను.
గుడ్డ తీసి దీపం వేస్తే
చాలాసేపు చూశాడు,
తనింట్లో ఎవరో కొత్తవాళ్లు కూర్చునున్నట్టు.
"పాత అక్షరాలు కావు, డాక్టరమ్మా."
కావు, అన్నాను.
టోపీ తీసుకున్నాడు. కోపం లేదు.
వంద గంటలకోసారి ఇంజను మూత విప్పి
మెకానిక్కు ముందు పెట్టే మనిషే.

మూడు వారాలకి నెలిదా వచ్చింది.
వయసు అరవై మూడు, తనే నింపింది.
దరఖాస్తు: విద్యార్థి పైలట్.
"ఆ పాత వరుస నేనే నేర్పాను ఆయనకి,
రొట్టెపిండి పిసుకుతూ," అంది,
నేరం ఒప్పుకున్నట్టు కాదు, వంట చెప్పినట్టు.
కొత్త చార్టు అడుగు వరుస దాకా చదివింది,
దాని కింద అచ్చువేసినవాళ్ల పేరు కూడా.

రక్తపోటు దగ్గర ఆగాం.
నూట అరవై ఎనిమిది.
మెట్లెక్కి వచ్చాను కదా, అంది.
నా గుమ్మానికి ఉన్నది ఒకటే మెట్టు.
పెన్ను తీశాను. మళ్లీ పెట్టేశాను.
పది నిమిషాలు కూర్చోండి, ఇంకోసారి చూద్దాం.

బయట ట్రక్కులో, కుడివైపు సీట్లో అనీబల్.
అద్దం దించి మొహం బయటపెట్టి
గాలి ఎటునుంచో
చెంపతో చూసుకుంటున్నాడు.