తూకం చీటీ

గోధుమ లారీలు రాని నెలల్లో
నా కాటా మీదికి ఇళ్లు వస్తాయి.

చక్రాల ఇళ్లు. కిటికీలకు పూల పరదాలు,
నెత్తిన సోలార్ పలక, వీపున రెండు సైకిళ్లు.
సెడూనా దాటితే పడమరంతా నల్లబోర్ మైదానం,
మలుపు లేదు, నీడ లేదు.
గాలి ఉంది. దానికి అడ్డూ ఆపూ లేదు.
అందుకే జాగ్రత్తపరులు ఇక్కడ ఆగుతారు.
"మనోలీ, మా ఇల్లెంత బరువో చెప్పవయ్యా" అంటారు.
పదకొండు డాలర్లు పుచ్చుకుని చెబుతాను.

ఆ మంగళవారం మావిస్ క్విల్టీ వచ్చింది.
దుమ్ము రంగు జీపు, వెనక రెండిరుసుల కారవాన్,
ఎడమ సీట్లో కెల్విన్.
ఇరవై ఏళ్లు స్టీరింగ్ అతనిదే.
పోయిన చలికాలం కళ్లు మసకబారాయి,
ఇప్పుడు టైర్ల చప్పుడు విని
తారు అయిపోయి కంకర మొదలైందని
ఆమె కన్నా ముందే చెబుతాడట.

జీపు కొక్కెం విప్పించి, ఇల్లొక్కటే తూచాను.
మూడు వేల ఆరు వందల నలభై.
నూట నలభై ఎక్కువ.

దించడం మొదలైంది.
పడవ మోటారు. పనిముట్ల పెట్టె.
బుల్లి వాషింగ్ మెషీన్, దాని కడుపులో మరిచిపోయిన ఒక సాక్సు.
నీళ్లు పారబోస్తానంది. వద్దన్నాను,
ఆ దారిలో నీళ్లు పారబోసుకునేవాళ్లుంటారా?
మంచం కింద, వెనక మూలన, రాళ్లు.
ఆగిన ప్రతిచోటా ఒకటి ఏరుకున్నాడు కెల్విన్.
చేత్తో తడిమి ఊరి పేరు చెబుతాడు.
వాటి జోలికి ఆమె పోలేదు, నేనూ పోలేదు.
మధ్యకు జరపమన్నాను, అంతే.
వెనక బరువైతే కాడి తేలిపోతుంది,
కాడి తేలిన బండి ఎవరి మాటా వినదు.

"తెలుసు," అంది మావిస్.
"మొన్న వింటర్‌బర్న్ గేటు దగ్గర పెద్ద లారీ రాసుకుపోయింది.
ఇల్లు తూలింది, అటూ ఇటూ, అటూ ఇటూ.
నా కాలు బ్రేకు మీదికి పోతోంది.
ఈయన కళ్లు మూసుకుని, తొక్కకు, అన్నాడు,
చక్రం నిటారుగా పట్టు,
చేత్తో వెనక బ్రేకు మాత్రం నొక్కు, అన్నాడు.
కళ్లెందుకు మూశావంటే, తెరిచి ఏం లాభమన్నాడు."

మళ్లీ తూచాను. మూడు వేల ఐదు వందల ఇరవై.

కెల్విన్ తడుముకోకుండా లోపలికెళ్లాడు
(బయట రెండుసార్లు తట్టుకున్న మనిషి)
అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చాడు,
దేశం నలుమూలల దారిపటాలు,
అంచుల్లో పెన్సిలు రాతలు, టీ మరకలు.
"ఇది దించు," అన్నాడు.
మావిస్ ఏదో అనబోయి అద్దాలు తుడుచుకుంది.

సరిగ్గా మూడున్నర వేలు.

ఆగలేక అడిగేశాను,
ఇంత బరువు ఈడ్చుకుంటూ ఎందుకమ్మా,
దారి పొడవునా హోటళ్లున్నాయి కదా?
"హోటల్లో పొద్దున్నే లేస్తే
స్పూను ఎక్కడుందో ఈయనకు తెలియదు," అంది.
"ఇక్కడ చెయ్యి చాపితే టీ డబ్బా.
బయట ఊళ్లు మారతాయి, అవి నేను చెబుతాను.
డబ్బా మారదు."

తిరిగొచ్చేటప్పుడు సామాను తీసుకుంటారా?
"ఏ దారిన వస్తామో," అంది,
చీటీ మడిచి అద్దం పైన దోపింది.
కొక్కెం పడిన చప్పుడుకు కెల్విన్ తల ఊపాడు.
ఇల్లు కదిలింది.

దుమ్ము సద్దుమణిగాక కాటా ఎక్కి నించున్నాను.
ఎనభై చూపించింది.
ఇరవై ఇరవైలుగా లెక్కపెట్టే యంత్రం,
మధ్యన ఉన్నది దానికి పట్టదు.
నలభై ఏళ్లుగా కాంక్రీటులో పాతుకున్న నా ఇల్లు
ఎంత తూగుతుందో ఎవరూ అడగలేదు.

దారిపటాలు ఆఫీసు బీరువాలో ఉన్నాయి.
మోటారు నా పడవకు బిగించాను,
తాడు ఏడుసార్లు లాగితే గానీ అందుకోదు.
ఆ సంగతి కెల్విన్ చెప్పనేలేదు.