వెనక కిటికీ

మూడు రకాలున్నాయన్నాను:
కదలని అద్దం,
మీట నొక్కితే జరిగేది,
చేత్తో తోసేది.

బయట సస్కచ్వాన్ జనవరి
కొత్త పికప్పుల తలుపుల్ని బిగించేసింది.

ఒదార్కా హ్రింకో చేతి తొడుగు విప్పి
అద్దాన్ని వేలితో తట్టింది.
"నేను తోలుతుంటే
ఆయన వెనక నిలబడి ఆవులకి గడ్డి విసురుతాడు.
ముప్పయ్యేళ్లుగా మా మాటలన్నీ
ఈ జానెడు సందులోంచే.
'మెల్లగా పోనీ' అని ఆయన,
'ఎక్కి నువ్వే తోలు' అని నేను."

మీటది నొక్కి చూపించాను.
అద్దం గొణుగుతూ, నిదానంగా మూసుకుంది.

ఆమె పెదవి విరిచింది.
"ఇది మూసుకునేలోపు
ఆయన ఇంకో నాలుగంటాడు."

ఆయన టైర్ల దగ్గర వంగి
విననట్టే ఉన్నాడు.

చేత్తో తోసేదే రాసుకున్నాను.
సంతకం పెడుతూ ఆయన గొంతు తగ్గించాడు:
"గొళ్ళెం లోపలేనా?
బయట కూడా పెట్టిస్తారా?"