నలుపే నయం

కుతాయిసిలో మార్చి. రేడియేటర్ మీద పెట్టి ఉంచాను జెల్ సీసా,
అయినా ముంజేతికి తగలగానే ఓతియా ఉలిక్కిపడ్డాడు.
నలభై ఏళ్ళు మట్టిపొయ్యిలోకి నడుం దాకా వంగి
గోడకి షోతి రొట్టెలు చరిచిన చెయ్యి.
వెంట్రుక ఒక్కటి లేదు, అన్నీ సెగకే మాడిపోయాయి.

ప్రోబ్ అరుపు నాకూ వినపడదు, అతనికీ వినపడదు.
చర్మం దాటి, కొవ్వు దాటి
కండలోకి దిగుతుంది.
పోగుల కట్టకీ కట్టకీ మధ్య సన్నని పొర;
తగిలిన చోటల్లా కొంచెం వెనక్కి, కొంచెం పక్కకి,
మిగిలింది ముందుకి.
తనకన్నా చిన్నవాటికి తగిలి చెదిరిన ముక్కలు
ఒకదాన్నొకటి పెంచుకుంటూ, తుంచుకుంటూ తిరిగొచ్చి
తెర మీద ఇసుక చల్లుతాయి.
ఆ ఇసుకలో ఒక్క రేణువూ అతని ఒంట్లో లేదు.
కొత్త డాక్టర్లకి ఈ మాట చెబితే నమ్మరు.

మంచి కండ నల్లగా ఉంటుంది,
దాని అడుగున ఎముక, తెల్లటి గీత.
ఇక్కడ ఎముక ఏదీ?
పైనుంచే తెల్లబారింది తెర,
వంతెన కింద రియోని రాళ్ళ మీద విరిగినట్టు.

"అయితే పిండి లోపలిదాకా పోయిందన్నమాట," అన్నాడు.
నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఒక్కోసారి తప్పు నా మణికట్టుది.
పోగులకి నిటారుగా పట్టుకుంటే మెరుస్తాయి,
రవ్వంత వాలిస్తే మసకబారతాయి.
వాల్చాను.
ఇటు. అటు.
ఇంకాస్త.
తెలుపు తెలుపుగానే ఉంది.
అందులో ఎక్కడో, అతను అడగకుండానే,
ఓ పోగు చేపపిల్లలా తుళ్ళి ఆగింది.

"నీ చెయ్యి ఎలా ఉంటుందో చూపించు, లమ్జిరా."
పదమూడేళ్ళలో ఎవరూ అడగలేదు.
మిగిలిన జెల్ నా ముంజేతికి రాసుకున్నాను.
నలుపు. ఈక మీది చారల్లా సన్న గీతలు.
అడుగున ఎముక, కత్తి అంచు.
చాలాసేపు చూశాడు.
"ఇంత చీకటా! పొయ్యి రాజెయ్యక ముందు
అచ్చం ఇలాగే ఉంటుంది."

కాగితంలో గడికెదురుగా నాలుగు అని వేశాను.
నాలుగు తర్వాత అంకె లేదు.
ఆ సంగతి చెప్పాల్సింది నేను కాదు,
పై అంతస్తులో డాక్టర్ త్సులాయా.
ఎడం చేత్తో జెల్ తుడుచుకున్నాడు.
కోటు కుడి చెయ్యి నేనే తొడిగాను.

బల్ల మీద పాత పేపర్లో చుట్టిన షోతి, ఇంకా వెచ్చగా.
ఒక కొస వంకర.
ఎవరు కాల్చారని అడగలేదు.