ఐదో వేలు

ఇసకపల్లి ఉప్పుకయ్యల్లో
కాటా దగ్గర పద్దు రాసేవాడు వేలాయుధం.
యాడో కొళ్లిడం ఒడ్డున పుట్టినోడు
మా ఊరికి ఎట్టా వచ్చాడో ఎవరూ అడగలా.
గుళ్లో పాడబోతే పూజారి
"అరవం మన సామికి తెలవదబ్బా" అన్నాడంట.
అప్పట్నించీ గట్టు మీదే పాట,
మోకాళ్ల దాకా ఉప్పు పూసిన కాళ్లతో.

నాకప్పుడు పదకొండేళ్లు.
పద్దుపుస్తకం వెనక కాగితాల్లో
ఆయన పాట నా తెలుగులో రాసుకునేదాన్ని.
వాన దగ్గర పెన్సిలు ఆగిపోయేది.
నాలుక మడిచి పలికే ఆ అక్షరం
ళ కాదు, డ కాదు, ర అసలే కాదు.
"మీకూ ఉండేదే పాపా,
పాత రాళ్ల మీద ఉంది. మీరే పారేసుకున్నారు."
ఆ చోటు ఖాళీగా వదిలేదాన్ని.

సామి యాడున్నాడో వేళ్ల మీద చెప్పేవాడు.
కంచిలో మన్నంట.
జంబుకేశ్వరంలో లింగం కిందనే ఊట,
గుడ్డేసి అద్దితే తడి.
అరుణాచలంలో కొండకు కొండే మంట.
కాళహస్తి మనకు దగ్గిరే,
గాలి దూరని గదిలో దీపం వణుకుద్ది, చూసిరా.
"అంత దూరం దేనికిలే. బురద తొక్కాం,
కడలినీళ్లు పెట్టాం, ఎండ కాసింది,
పడమర గాలి తోలింది. ఉప్పయింది.
దండం పెట్టుకుని కాటా ఎక్కించు."
చిటికెనవేలు మాత్రం మడిచే ఉంచేవాడు.
అడిగితే, చిదంబరం, అని ఊరుకునేవాడు.

ఆ ఏడు వైశాఖంలో రాకూడని వాన.
రెండు రాత్రుళ్లు.
రాశి మీద తాటాకులు కప్పి, రాళ్లు పెట్టి
చాలక అమ్మ తనే వాటి మీద పడుకుంది.
మూడోనాడు ఆకు ఎత్తితే
నేల.
నున్నగా, ఒట్టిగా, నేల.
మూణ్ణెల్ల కూలి.

వేలాయుధం వచ్చాడు. పాడలా.
చెమ్మగిల్లిన కర్పూరం
నాలుగో పుల్లకి అంటుకుంది.
రాశి ఉన్న చోటుకి హారతి చూపబోతే
"నా అప్పు తీర్చుద్దా నీ సామి?" అని
అమ్మ చేట విసిరింది. కనుబొమ చిట్లింది.
నేను ఎవరి పక్క నిలబడాలో
ఇప్పటికీ తెలవదు.

ఆ సాయంత్రం పద్దులో
అమ్మ పేరున పద్నాలుగు బస్తాలు రాశాడు.
వారానికి కామందు కనిపెట్టి
పుస్తకం మొహాన కొట్టాడు.
బిట్రగుంటలో రైలెక్కాడని చెప్పుకున్నారు.

పుస్తకం నా దగ్గరే ఉంది.
ముందువైపు, లేని ఉప్పు.
తిప్పితే పాట.
వాన వచ్చిన చోటల్లా
ఒక అక్షరమంత ఖాళీ.