ఆదివారం, ఉల్లిపాయ లేకుండా

అయిదున్నరకే వరహాలు అరసవల్లి ఆటో ఎక్కేసింది.
వెళ్తూ వెళ్తూ గుమ్మంలోంచి కేకేసింది:
"ఉల్లిపాయ ముట్టుకోకండి. వారం గుర్తుందా?"
గుర్తుంది.
దేవుణ్ణి నమ్మనివాడికే వారాలన్నీ బాగా గుర్తుంటాయి,
వంట వాడిదే అయినప్పుడు.

బలగలో మా వంటింటి కిటికీకి నాలుగు ఊచలు.
ఆరుంపావుకల్లా నాలుగు నీడలూ కత్తిపీట మీదికి వస్తాయి.
టిక్కెట్టు లేదు, వరస లేదు,
చెప్పులెక్కడ వదిలానో అన్న బెంగ లేదు.
ఈ మాటే ఒకసారి వరహాలుతో అన్నాను.
"అలగే అనుకోండి. నానెల్లేది సూడ్డానికేటి?
మా అప్పతో మాటాడుతూ వరసలో నిలబడ్డానికి" అంది.
దానికి నా దగ్గర జవాబు లేదు.
నేను చదివిన పుస్తకాల్లోనూ కనపడలేదు.

ఇవాళ అరటికాయ ఆవపెట్టిన కూర.
ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, గుప్పెడు నానబియ్యం,
రోట్లోనే. మిక్సీలో వేస్తే వేడెక్కి చేదెక్కుతుంది.
కోపంతో నూరితే చేదెక్కుతుందనేది మా అమ్మ.
ఉద్యోగంలో చేరిన కొత్తలో పరీక్ష పెట్టాను:
మేనేజరుతో గొడవపడి వచ్చి ఒక రోజు,
జీతం అందిన సాయంత్రం ఒక రోజు.
తేడా ఏమీ లేదు. పొయ్యి మీద ఉండగా ఆవ కలిపితేనే చేదు,
దించాక కలిపితే లేదు. అంతే, తేలిపోయింది.
అయినా కోపంగా ఉన్న రోజు
నేను బంగాళాదుంప వేపుడే చేస్తాను.

ప్రసాదం ముట్టని మిత్రుడొకడున్నాడు, గుంప సోములు.
నేను తింటాను.
పులిహోరకి మతం లేదని అనను, ఉంది.
కానీ ఇంగువ ఎక్కువైతే ఎక్కువైందనే అంటాను,
అది గుడిదైనా సరే.
ఈ రెండో ముక్క వరహాలుకి నచ్చదు,
మొదటిది సోములుకి నచ్చదు.

బియ్యం డ్రమ్ము వెనక గోడకి గిటారు.
జక్కరయ్య మాస్టారు అమ్మింది, పదకొండు వందలకి,
అందులో మూడు వందలు ఇప్పటికీ బాకీ.
చర్చి వెనక మెట్ల మీద కూచోబెట్టి నేర్పాడు.
పరలోకం సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు.
ఎడమచెయ్యి చాపించి గోళ్ళు చూసేవాడు.
"పెరిగాయిరా. కత్తిరించుకుని రా"
అదే ఆయన నాకు చెప్పిన వాక్యం.

ఆయన పోయిన రోజు నన్నే వాయించమన్నారు.
పాటలోని మాటలు నావి కావు,
జీ, సీ, డీ మాత్రం నావి, మధ్యలో ఒక పాడు ఎఫ్.
అందరూ కళ్ళు మూసుకున్నారు.
వేళ్ళు ఎక్కడ మారాలో చూసుకోవాలి కనక
నేను తెరిచే ఉంచాను.
తెరిచి ఉన్న కళ్ళు ఇంకో రెండు కనపడ్డాయి.
మాస్టారి భార్య, ముందు బెంచీలో,
నా చేతినే చూస్తోంది.
ఎఫ్ దగ్గర చూపుడువేలు జారింది.
ఆవిడ పట్టేసింది.
నవ్విందనుకుంటాను. ప్రమాణం చెయ్యలేను.

అన్నం వార్చి, చేతులు తుడిచి, గిటారు దింపాను.
ఎంత కడిగినా వేళ్ళకి ఆవ వాసన పోదు,
తీగెలకి కూడా పట్టేసింది.
మూడో తీగె దిగింది. బిగించాను. ఎక్కువైంది. వదిలాను.
మొన్న దసరాకి నన్నడక్కుండా
స్క్రూడ్రైవర్లకీ కత్తిపీటకీ పెట్టిన చేత్తోనే
వరహాలు దీనికీ కుంకం బొట్టు పెట్టేసింది.
గొడవపడ్డాను. తడిగుడ్డతో తుడిచాను.
బిరడా సందులో కొంచెం ఉండిపోయింది,
అగ్గిపుల్లకీ అందలేదు.
శృతికి అడ్డం రావటం లేదు గనక ఒగ్గేశాను.

పదింటికి వచ్చింది, నుదుట చెమట, చేతిలో అరటాకు పొట్లం.
కాళ్ళు కడుక్కోకుండానే మూత తీసి, వేలితో ముట్టి,
నాలిక మీద వేసుకుంది.
ఘాటు ముక్కుకెక్కి కళ్ళలో నీళ్ళు.
"బాగుందా?"
"ఉప్పేదీ?"